జ్ఞానేశ్వర్ చేసిన ఏడు ఆటలు

కర్నూలు,
4 సెప్టెంబర్ 2006.

చిరంజీవి జ్ఞానేశ్వర్‌కు శుభాశీస్సులతో రాహేలమ్మ వ్రాయునది.

మొన్న నీవు ఫోన్ చేసి "మేడం, ఆరోగ్యం బాగుండాదా?" అని మూడుసార్లు అడిగావు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఎవరూ మూడుసార్లు అడగరు కనుక, కడపలో నా గురించి ఏదో ప్రచారం జరుగుతున్నదని అప్పుడే గ్రహించాను. విచారించగా దాని మూలం మా చెల్లెలి కూతురు ప్రసన్నకుమారి అని తేలింది. మీ వెనుక వీధిలోనే ఉంటుంది కదా. ఆదివారం చర్చి ముగిసి బయటికి వచ్చిన ప్రతివారికీ, "మా పెద్దమ్మకు మతి చలించింది, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చొని పొద్దస్తమానం జూదమాడుతోంది, ఇంటికి తాళం వేసి ఇక్కడికి తెచ్చేస్తాం" అని చెబుతున్నదట.

నా మతి నేను ఉద్యోగ విరమణ చేసిన నాటికి ఎలా ఉన్నదో ఇప్పుడూ అలాగే ఉంది. జూదం నేను ఆడను. పొద్దస్తమానం కూర్చోను, ఉదయం పది నుంచి పదకొండున్నర వరకు మాత్రమే. ఇంటి తాళంచెవి నా దగ్గర ఉంది, నా దగ్గరే ఉంటుంది. ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లడం నిజం. ఆటలాడటమూ నిజం. కాకపోతే అవి నీవు చేసిన ఆటలని ప్రసన్నకుమారికి తెలియదు. నీకు ఈ సంగతి ఫోనులో చెప్పబోతుండగానే లైను తెగిపోయింది.

జరిగినది ఇది. జూలైలో కుడికంటికి శుక్లం తీయించుకున్నాను. ఆ తర్వాత పెన్షను కాగితమేదో అచ్చు తీయించుకోవడానికి శ్రీవాసవి సెంటర్‌కు వెళ్లాను. శ్రీవాసవి అంటే స్టీలు సామాన్ల కొట్టు వారి అమ్మాయి. కింద తండ్రి గిన్నెలు అమ్ముతాడు, పైన ఈమె కంప్యూటర్లు నడుపుతుంది. ఆ రోజు ప్రింటరు మొండికేసింది. "అది దారికొచ్చేదాకా ఇది ఆడుకోండి మేడం, మన జిల్లా ఆయప్పే చేసినాడంట" అని ఒక తెర ముందు కూర్చోబెట్టింది. పైన 'ఏడో బోరు' అని ఉంది. కింద చీమ తలంత అక్షరాలతో 'రూపకల్పన: జ్ఞానేశ్వర్, కోయిలకుంట్ల' అని ఉంది. కోయిలకుంట్ల నుంచి వచ్చి, 1989లో నా క్లాసులో మూడో బెంచీ మీద కూర్చొని, లెక్కకు సమాధానం వ్రాయకుండా బొమ్మ గీసి చూపించిన జ్ఞానేశ్వర్ ఇంకొకడు ఉండడనుకున్నాను.

ఆట బాగుంది. ఆరు బోర్లు ఎండిపోయిన రైతు ఏడోది ఎక్కడ వేయాలో మట్టి రంగు చూసి, పుట్టలు చూసి, పక్క పొలం వాడి మొహం చూసి నిర్ణయించుకోవాలి. సంభావ్యతను ఇంత చక్కగా బోధించే పాఠం ముప్పయి నాలుగేళ్లలో నేను చెప్పలేకపోయాను.

అయితే ఒక తప్పు కనిపెట్టాను. కంట్లో చుక్కలు వేసుకున్నాక అయిదు నిమిషాలు కళ్లు మూసుకొని ఉండాలని డాక్టరు ఆజ్ఞ. ఆటను అలాగే వదిలి కళ్లు మూసుకున్నాను. కాసేపటికి శ్రీవాసవి, "మేడం, ఈడ సూడండి. మీ రైతు కూసున్నాడు. ఎవరో ముసలాయన చెంబుతో నీళ్లిస్తాండాడు" అన్నది.

"నేను కళ్లు తెరవకూడదు. నువ్వే చెప్పు" అన్నాను.

"తాగినాడు. మూతి తుడుసుకున్నాడు. ముసలాయన చెంబు తీస్కోని ఎల్లిపాయ."

తర్వాత చూసుకుంటే ఆటలో నాకిచ్చిన కుండలో నీళ్లు తగ్గలేదు. ఆ కుండలోవి తప్ప ఊళ్లో చుక్క నీరు లేదని ఆట మొదట్లో నీవే చెప్పావు. మరి ఆ చెంబులోకి నీళ్లు ఎక్కడివి? ఇది ప్రోగ్రాములో దొర్లిన పొరపాటు. సవరించుకో.

పదికి ఎనిమిది మార్కులు. జవాబు చేతివ్రాతతో వ్రాయి. తెర మీద వచ్చే ఉత్తరాలు నేను చదవను.

రాహేలమ్మ


కడప,
17 సెప్టెంబర్ 2006.

పూజ్యులు మేడం గారికి నమస్కారాలు.

చేతితో ఉత్తరం రాసి పదేళ్లయింది. కాగితం కోసం వీధి చివరి దాకా వెళ్లాను, కలం కోసం మళ్లీ వెళ్లాను. దస్తూరీ క్షమించండి.

మీకు ఆరోగ్యం బాగానే ఉందని మీ ఉత్తరం మొదటి నాలుగు వాక్యాల్లోనే అర్థమైంది. ప్రసన్నకుమారి గారు ఎదురుపడితే విషయం సరిచేస్తాను. ఆమె నమ్ముతారని మాత్రం హామీ ఇవ్వలేను.

మేడం, అది పొరపాటు కాదు. ఎవరైనా చూస్తారేమోనని ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఎవరూ చూడలేదు. సెంటర్లలో అరగంట దాటితే లేవాలి కాబట్టి ఆడేవాళ్లు ఆగరు. ఆగితే ఆట పాడైందనుకుని మూసేస్తారు. మీ కంటి డాక్టరు గారికి నా తరఫున నమస్కారం చెప్పండి.

ఆ ముసలాయన మా తాత కేశవులు. కోయిలకుంట్లలో మా కొట్టు మీకు తెలియదు. విత్తనాలు, తాళ్లు, మేకులు, గడ్డపారలు అమ్మేవాళ్లం. ఇప్పుడు నాన్న నడుపుతున్నారు. తాత కాలంలో ఒక పద్ధతి ఉండేది. ఎంత దూరం నుంచి నడిచి వచ్చినవాడైనా, ఎంత తొందరలో ఉన్నవాడైనా, ముందు అరుగు మీద కూర్చోవాలి. చెంబుతో నీళ్లు ఇచ్చేవారు. తాగి చెంబు కింద పెట్టేదాకా తాత తక్కెడ ముట్టుకునేవాడు కాదు. "యాల తొందర? ముందు కూసో అప్పా. నీళ్లు తాగు. బేరం యాడికీ పోదు" అనేవాడు. "నాకు బస్సుకు టైమయితాంది శెట్టీ" అన్నవాణ్ని ఇంకో చెంబు తాగించేవాడు. ఎదురుగా ఉన్న కొట్టువాళ్లు నవ్వేవాళ్లు, ఈయన యాపారం జేస్తాండాడా చలివేంద్రం పెట్టినాడా అని. చిన్నప్పుడు నాకూ నామోషీగా ఉండేది.

కొట్లో ప్రతిదానికీ లెక్క ఉండేది, ఆ నీళ్లకు తప్ప. అందుకే మీ కుండలో తగ్గలేదు.

మిగతా ఆటల్లో ఇలాంటివి ఉన్నాయో లేదో నేను చెప్పను. ఇక్కడ పని బాగానే సాగుతోంది.

మార్కులు పెరుగుతాయా మేడం?

మీ విద్యార్థి,
జ్ఞానేశ్వర్


కర్నూలు,
12 నవంబర్ 2006.

చిరంజీవి జ్ఞానేశ్వర్‌కు ఆశీస్సులు.

తొమ్మిదిన్నర. అర మార్కు దస్తూరీకి తగ్గించాను.

ఈ రెండు నెలల్లో క్రికెట్ ఆట తప్ప నీవి అన్నీ ఆడాను. తయారైన సంవత్సరాల వరుసలోనే ఆడాను. ఒక మనిషి చేసిన పనిని చివరి నుంచి మొదటికి చదివితే అతడు అన్నీ ముందే తెలిసి పుట్టినట్టు కనిపిస్తాడు. మొదటి నుంచి చదివితే నేర్చుకుంటున్నట్టు కనిపిస్తాడు. రెండోదే నిజం.

1997 నాటి 'మేకల మంద'. అహోబిలం మండపాల బండల మీద పులి-మేక గళ్లు చెక్కి ఉంటాయని విన్నాను. నీవు ఆ గళ్లే తీసుకున్నావు, కాని ఆడేవాడు పులి కావడానికి దారి లేకుండా చేశావు. ఎన్ని మీటలు నొక్కినా మేకలమే. మొదటి రోజు నాకు కోపం వచ్చింది. మూడో రోజుకు మేకలు ఎలా గెలుస్తాయో అర్థమైంది. చుక్కలు వేసుకొని ఆగాను. పులి ఆవులించి, పక్కనున్న గుంటలో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మేక ఒకటి అవతలి ఒడ్డుకు వెళ్లి తానూ తాగింది. శ్రీవాసవి, "ఇద్దరికీ భయం లేదు సూడండి మేడం" అన్నది. కొట్టులో ఎవరో పళ్లెం కోసం కేకలు పెడుతున్నా ఆమె కిందికి పోలేదు.

'గడియారం మేస్త్రీ' నాకు నచ్చలేదు. ముల్లు తిప్పిందే తిప్పడం. అక్కడ నీవు తెలివిని చూపించాలనుకున్నావు, ఆటను చూపించలేదు. నీకు అప్పుడు ఇరవై ఏడేళ్లు కాబట్టి క్షమించవచ్చు.

'టమోటా బండి' వేరు. పత్తికొండ మార్కెట్‌కు తొందరగా చేరితే కింది పెట్టెల్లో కాయలు చితికిపోతాయి, నిదానంగా పోతే ధర పడిపోతుంది. మధ్య వేగం ఎంత అన్నదే సమస్య. రోడ్డు పక్కన బండి ఆపి కళ్లు మూసుకున్నాను. శ్రీవాసవి చెప్పినదాని ప్రకారం డ్రైవరు దిగాడు, ఎదురుగా ఆగిపోయిన వేరే బండివాడికి నీళ్ల సీసా అందించాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాను. 1997లోనూ, 2000 నాటి 'ఏడో బోరు'లోనూ నీళ్లు మనవాడికి దొరికాయి. 2001లో మనవాడే ఇస్తున్నాడు. 'కొండదారి'లోనూ ఇస్తాడు. 'నాపరాళ్లు'లోనూ ఇస్తాడు. ఈ మార్పు నీకు తెలిసి జరిగిందా? తెలిసి జరిగితే నీవు మంచి పనివాడివి. తెలియకుండా జరిగితే ఇంకా మంచి పనివాడివి.

నేను క్రైస్తవురాలిని, ఎగువ అహోబిలం ఎప్పుడూ ఎక్కలేదు. నీ 'కొండదారి'లో ఎక్కాను. శత్రువు లేడు, మార్కులు లేవు, గెలుపు లేదు. పైకి పోయేకొద్దీ మెట్టుకూ మెట్టుకూ మధ్య కాలం పెరుగుతుంది. మోకాళ్లు నొప్పి పుట్టలేదు కాని ఆయాసం మాత్రం వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఆయాసం తెప్పించడం చిన్న విషయం కాదు.

'నాపరాళ్లు' గురించి ఎక్కువ చెప్పను, గర్వం వస్తుంది. నీకు కాదు, నాకు. నేల మీద పరవబోతే ఏ రెండు బండల మూలలూ కలవవు. చివరి బండ పట్టాలంటే మొదట పరిచిన బండను లేపాలి. నా దగ్గర నేర్చుకున్నది నీవు ఎక్కడైనా వాడుకొని ఉంటే అది అక్కడ ఉంది.

లోకానికి నీవు క్రికెట్ ఆట ద్వారానే తెలుసునట. నాకు క్రికెట్ అంటే గిట్టదు. అందువల్ల నిన్ను నీ మిగతా పనితోనే ఎరుగుదును. ఇది నా అదృష్టమని అనుకుంటున్నాను.

రాహేలమ్మ


కడప,
20 డిసెంబర్ 2006.

పూజ్యులు మేడం గారికి,

ఆలస్యానికి క్షమించండి.

మీరు అడిగిన మార్పు సంగతి నాకు తెలియదు. ఉత్తరం చదివాక కూర్చుని సంవత్సరాలు సరిచూశాను. 2001 ఫిబ్రవరిలో తాత పోయాడు. 'టమోటా బండి' ఆ వేసవిలో చేశాను.

పోయిన వారం బద్వేలులో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు మేనమామ ఒకాయన నన్ను పట్టుకున్నాడు. "ఆఖరి ఓవర్ చేసిండేది నువ్వేనంట కదప్పా? సూడు, నా రికార్డు ఎనభై రెండు" అని సెల్‌ఫోన్ చూపించాడు. నేను కొంచెం ధైర్యం చేసి, "వేరేవి కూడా ఆరు ఉండాయి మామా" అన్నాను. "ఆ ఆరూ యాల అప్పా? ఫుట్‌బాల్ చేయి" అన్నాడు. విస్తరి ముందు కూర్చున్నాక కూడా, బౌలరు శానా నిదానంగా వస్తాండాడు, రవంత తొందర పెట్టమని సలహా ఇచ్చాడు. సాంబారు పోసే అతను కూడా ఆగి తన సలహా చెప్పాడు.

నవ్వుకోండి మేడం, నేనూ నవ్వాను. కానీ నిజం చెబితే ఆ ఆటలో నాది ఏమీ లేదు. హైదరాబాదు కంపెనీలో ఉన్నప్పుడు చేసింది. నేను పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీయించారు, చివరికి పేరు కూడా. లక్షల మంది ఆడింది అదొక్కటే. నాదంటూ ఏమీ లేనిది.

మీరు ఇంత శ్రమ తీసుకుని అన్నీ ఆడటం నాకు సంకోచంగా ఉంది. చలికాలం, కళ్లు జాగ్రత్త.

కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. కొంచెం తీరిక లేదు.

జ్ఞానేశ్వర్


కర్నూలు,
21 జనవరి 2007.

జ్ఞానేశ్వర్‌కు,

ముందు సంతోషకరమైన విషయం చెబుతాను. తర్వాత నిన్ను మందలిస్తాను.

ప్రసన్నకుమారి పండుగ సెలవుల్లో నన్ను కడపకు తీసుకుపోవడానికి ఖాళీ సంచీతో వచ్చింది. నేను ఏమీ వాదించలేదు. శ్రీవాసవి సెంటర్‌కు తీసుకువెళ్లి 'టమోటా బండి' ముందు కూర్చోబెట్టాను. సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. మరుసటి ఉదయం బస్సూ వెళ్లిపోయింది. మూడో రోజు తిరిగిపోతూ, "పెద్దమ్మా, పత్తికొండ ముందర మలుపులో వేగం ఎంత పెట్టుకోవాల?" అని అడిగింది. జూదం గురించి మళ్లీ ఎత్తలేదు.

పెన్షనర్ల సంఘంలో నెలకొకరు ప్రసంగించే ఆనవాయితీ ఉంది. ఈ నెల వంతు నాది. గత సంవత్సరం బీజగణితం మీద మాట్లాడితే ఏడుగురు నిద్రపోయారు. ఈసారి 'ఒక ఆటల రూపకర్త కృషి' అని విషయం ప్రకటించాను. శ్రీవాసవి ఒక కంప్యూటరును రిక్షాలో ఎక్కించుకొని తెచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడాను. మీ తాతగారి చెంబు గురించి కూడా చెప్పాను.

వ్యవసాయ శాఖలో ఉద్యోగ విరమణ చేసిన లక్ష్మన్న లేచి, "మేడం, ఏడో బోరులో నీళ్లు పడతాయా?" అని అడిగాడు.

"పడవచ్చు, పడకపోవచ్చు" అన్నాను.

"అట్లయితే అది ఆట యాల మేడం, మా బావమరిది పొలం" అన్నాడు. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

బేతంచెర్లలో హెడ్మాస్టరుగా ఉండిన బొజ్జన్నకు 'నాపరాళ్లు' ఇచ్చాను. మౌసును పిట్టను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లు ఆ బండల మధ్యనే ఉంటి. ఈ మూల ఏందో యాడా కూసోదే" అని గొణుగుతూ గంట సేపు లేవలేదు. లక్ష్మన్న వెనుక నిలబడి, "లేయప్పా బొజ్జన్నా, నా వంతు. నాకు శానా పని ఉండాది" అన్నాడు. బొజ్జన్న తెర నుంచి కన్ను తిప్పకుండా, "యాల తొందర? ముందు కూసో. నీళ్లు తాగు" అన్నాడు. ఆ రోజు నా ప్రసంగం చివరి దాకా విన్నవాడు బొజ్జన్న ఒక్కడేనని అప్పుడు తెలిసింది.

ఇక రెండో విషయం. మర్నాడు శ్రీవాసవి నీ సైటులో ఒక మూల ఉన్న ప్రకటన చూపించింది. 'మార్చి 31 తర్వాత ఈ సైట్ ఉండదు. ఆటలు కావలసినవారు అంతలోపు దింపుకోవచ్చు.' అక్టోబరులో పెట్టిన ప్రకటన అట. అంటే నేను నీ పని గురించి ఆరు పేజీలు వ్రాస్తున్నప్పుడు నీవు దాన్ని మూసే తేదీ నిర్ణయించుకొని ఉన్నావు. "పని బాగానే సాగుతోంది" అని ఒకసారి, "తీరిక లేదు" అని ఒకసారి వ్రాశావు. నాకు అబద్ధం చెప్పలేదని నీవు వాదించవచ్చు. ఆ వాదన నా దగ్గర చెల్లదు.

మూయకూడదు. ఎనిమిదో ఆట మొదలుపెట్టు. ఫిబ్రవరి నెలాఖరుకు దాని నమూనా నాకు చేరాలి.

రాహేలమ్మ


కడప,
11 ఫిబ్రవరి 2007.

పూజ్యులు మేడం గారికి నమస్కారాలు.

దాచినందుకు తప్పు నాదే. మీరు అంత ఉత్సాహంగా రాస్తుంటే చెప్పడానికి మనసు రాలేదు.

నాన్నకు మోకాళ్లు పట్టేశాయి, కొట్టు మెట్లు ఎక్కలేకపోతున్నారు. ఉగాది తర్వాత నేను కోయిలకుంట్ల వెళ్లి కొట్లో కూర్చుంటున్నాను. ఇది ఏడుపు మొహంతో తీసుకున్న నిర్ణయం కాదు. నాకు ఆ కొట్టు ఇష్టం. మేకుల వాసన ఇష్టం. ఇక్కడ గదిలో ఒక్కణ్నే కూర్చుని, ఎవరూ ఆడని ఆటకు రంగులు దిద్దడం కంటే అది మెరుగు. ఇక్కడి కంప్యూటరును మా చిన్నాన్న కొడుక్కి ఇచ్చేస్తున్నాను. లోపల ఉన్నవన్నీ తుడిచేసి ఇస్తాను. ఎవరూ అడగని వస్తువును కొట్లో కూడా ఎంతకాలమో ఉంచుకోం మేడం.

ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఇంటర్‌లో నేను లెక్క మధ్యలో వదిలేస్తే మీరు తిట్టేవారు కాదు. "మూడో మెట్టు చక్కగా చేశావు" అని మెచ్చుకుని, మళ్లీ సుద్దముక్క చేతికిచ్చి బోర్డు దగ్గరికి పంపేవారు. మీ జనవరి ఉత్తరం చదివాక అనుమానం వచ్చింది. సెప్టెంబరు నుంచి మీరు రాసిందంతా ఇదేనా? నన్ను మళ్లీ బోర్డు దగ్గరికి పంపడానికేనా ఆ మెచ్చుకోలు? అదే అయితే, నిజంగా ఆ ఆటలు మీకు ఎలా అనిపించాయో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ మీద గౌరవం తగ్గి అడగడం లేదు.

జ్ఞానేశ్వర్


కర్నూలు,
8 మార్చి 2007.

చిరంజీవి జ్ఞానేశ్వర్‌కు రాహేలమ్మ దీవెనలు.

నీ ప్రశ్నకు జవాబు వ్రాయడానికి నాకు మూడు వారాలకు పైగా పట్టింది. డెబ్బయి ఒక్క ఏళ్లలో నేను తప్పు ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. అలవాటు లేని పని నిదానంగానే జరుగుతుంది.

సెప్టెంబరులోనూ నవంబరులోనూ వ్రాసినది మెచ్చుకోలు మాత్రమే. జనవరిలో వ్రాసినది సుద్దముక్క. నీవు తేడా సరిగ్గానే పట్టుకున్నావు. ఏడు ఆటలు చేసిన మనిషికి ఎనిమిదోది చేయమని గడువు పెట్టడం, ఆ ఏడూ చాలవని చెప్పడమే అవుతుంది. అవి చాలు. ఎనిమిదోది అడిగే హక్కు నాకు లేదు. ఆ మాటలు వెనక్కు తీసుకుంటున్నాను.

కొట్లో కూర్చోవడం గురించి నాకు అభ్యంతరం లేదు. మీ తాతగారు కూర్చున్న చోటు తక్కువ చోటు కాదు.

నీ పని చూసే పూచీ పెట్టుకున్నదాన్ని ఒకటి వదిలేయడం న్యాయం కాదని, చివరికి ఆ క్రికెట్ ఆట కూడా తీసుకున్నాను. శ్రీవాసవి సెల్‌ఫోన్‌లో ఆడాను. నాకు వచ్చినవి నాలుగు పరుగులు. ఆ తర్వాత ఆగాను. నిమిషం కాకముందే లైటు ఆరిపోయి తెర చీకటైపోయింది. మీట నొక్కితే లైటు వస్తుంది, కాని నొక్కితే ఆగినట్టు కాదు. "ఎండలోకి తీస్కపోతే లైటు లేకున్నా బొమ్మ కనపడతాది మేడం" అని శ్రీవాసవి చెప్పింది. ఇద్దరం మేడ మీదికి వెళ్లాం. మార్చి నెల కర్నూలు ఎండ, పదకొండు గంటల వేళ. కొంగు నెత్తిన వేసుకొని, ఫోనును గోడ మీద పెట్టి నిలబడ్డాం.

ఆరు నిమిషాలు. బ్యాటు పట్టుకున్నవాడు బ్యాటును కింద పెట్టాడు. నడుచుకుంటూ అవతలి కొసకు వెళ్లాడు. ఇంతసేపూ తాను కొడుతున్న బౌలరుకు నీళ్ల సీసా ఇచ్చాడు. బౌలరు తాగాడు. ఇద్దరూ కాసేపు నేల మీద కూర్చున్నారు.

శ్రీవాసవి, "ఇది ఈయప్పదే మేడం" అన్నది. అంతకంటే మంచి విమర్శ నేను వ్రాయలేను.

అందులో నీది ఏమీ లేదని వ్రాశావు. కంపెనీవారు తీయించారనుకున్నావేమో. లేదు, ఉంది. వారు ఎండలో నిలబడలేదు కనుక వారికి కనిపించలేదు. లక్షల మంది జేబుల్లో మీ తాతగారి పద్ధతి మూడేళ్లుగా తిరుగుతోంది. బద్వేలు మామకు చెప్పు, ఆ ఎనభై రెండు పరుగుల మధ్య ఒక్కసారి ఆగమని.

ఇక నేను చేసినది విను. సలహా అడగడం లేదు, తెలియజేస్తున్నాను.

నీ ప్రకటనలో దింపుకోవచ్చని ఉన్నది కనుక శ్రీవాసవి చేత ఆరు ఆటలనూ దింపించి, మూడు జతల సీడీల మీద ఎక్కించి పెట్టాను. నీవు సైటు మూసినా, యంత్రం తుడిచినా అవి ఉంటాయి. మా ఇంటి ముందు గది ఖాళీ చేయించాను. అందులో ఉన్న పాత పరీక్ష పేపర్లు ఎత్తుకుపోవడానికి బండి రెండుసార్లు తిరిగింది. శ్రీవాసవి దగ్గర రెండు పాత కంప్యూటర్లు తీసుకొని అక్కడ పెట్టించాను. మిగిలిన క్రికెట్ ఆట కోసం ఒక సెల్‌ఫోన్ కొన్నాను. దానితో ఎవరితోనూ మాట్లాడను. కిటికీ దగ్గర, ఎండ పడే చోట, దానికొక బల్ల వేయించాను. ఎవరైనా వచ్చి ఆడవచ్చు. అరగంట నియమం లేదు. గంటల కొద్దీ ఏమీ చేయకుండా కూర్చునే హక్కు అక్కడ అందరికీ ఉంటుంది.

బోర్డు ఉరుకుందు వ్రాశాడు. సినిమా హాళ్లకు వ్రాసి ఇప్పుడు ఫ్లెక్సీలు వచ్చాక పని లేక ఉన్న మనిషి, చేతివ్రాత ముత్యం. పైన నీ పేరు, ఊరు. కింద ఏడు ఆటల పేర్లు, సంవత్సరాల వరుసలో. అన్ని అక్షరాలూ ఒకే సైజు. క్రికెట్‌ది పెద్దగా రాస్తే జనం వస్తారని ఉరుకుందు అన్నాడు. ఆరో స్థానంలో వచ్చినదాన్ని ఆరో స్థానంలోనే వ్రాయమన్నాను. 'గడియారం మేస్త్రీ'ని కూడా వదల్లేదు. నచ్చకపోయినంత మాత్రాన నీ పని కాకుండా పోదు.

అంతా అయ్యాక అతను నిచ్చెన మీద నుంచే, "కింద ఇంగొకదానికి జాగా ఇడ్సల్లా మేడం?" అని అడిగాడు.

వద్దన్నాను. ఏడూ బోర్డు నిండా సరిపోయేలా వ్రాయమన్నాను. ఖాళీ వదిలితే ఆ ఖాళీ నిన్ను పిలుస్తూ ఉంటుంది. అది నాకిష్టం లేదు. ఎప్పుడైనా ఎనిమిదోది వస్తే కొత్త బోర్డు చేయిద్దాం, ఉరుకుందుకు పని దొరుకుతుంది. రాకపోతే ఈ బోర్డులో లోటేమీ లేదు.

నీ అనుమతి అడగలేదు. అడిగి ఉంటే మొహమాటపడి వద్దనేవాడివి, అప్పుడు నేను నీ మాట కాదని చేయవలసి వచ్చేది. ప్రసన్నకుమారిని కూడా అడగలేదు.

సోమవారం, పన్నెండో తేదీ, ఉదయం పది గంటలకు తలుపు తెరుస్తున్నాను. లక్ష్మన్న తొమ్మిదిన్నరకే వస్తానన్నాడు. పదికే రమ్మన్నాను.

రాహేలమ్మ